గడి కంటే చిన్నది

ఏర్పేడు దాటినాక స్వర్ణముఖి మీద పాత చప్టా.
దానికి ఏడు తూములు.
మూడేళ్ల కిందటి కార్తీకపు వరద
ఇప్పుడు మా ల్యాబులో
పన్నెండు లక్షల గడులుగా కోసి పెట్టుంది.

ఒక్కో గడి రెండు మీటర్లు.
గడికో వేగం, గడికో పీడనం.
లోపల ఏం జరిగినా
సగటు ఒక్కటే సాక్షి.

నీళ్లకి సూత్రం ఉంది, రెండు వందల ఏళ్ల నాటిది,
ఒక్క వరసలో రాయొచ్చు.
విప్పడమే ఎవరి వల్లా కాలేదు.
అందుకే మేం విప్పం, తరుగుతాం,
ఏటిని గడులుగా, కాలాన్ని సెకనులో పదో వంతుగా.
ఒక్క అడుగులో నీళ్లు ఒక్క గడికి మించి పోకూడదు,
అది కట్టుబాటు.
మీరితే రాత్రి మూడింటికి
తెర నిండా ఒకటే మాట:
సంఖ్య కాదు సంఖ్య కాదు సంఖ్య కాదు.

మొదట్లో భయపడి మెత్తటి స్కీము వాడినాను.
చెంగల్రాయ సారు చూసి నవ్వినాడు,
"ఏం బ్బా, ఏటిని సంగటి చేసినావు."
నిజమే. సంగటి సుడి తిరగదు,
తెడ్డు ఆపితే అదీ ఆగుతుంది.
ఏరు అట్ల కాదు.
ఐదు నూర్ల నోటు విరిగినట్టు
పెద్ద సుడి చిల్లరవుతా పోతుంది,
చివరి పైసా వేడెక్కి నీళ్లలో మాయమయ్యేదాకా.
నా గడి
వంద నోటు కింద దేన్నీ లెక్కపెట్టలేదు.

చప్టా దిగువన, ఒడ్డు గోడ పక్కనే
దొరసానమ్మ టీ బంకు.
వరదలో పోతే మళ్లీ కట్టుకుంది, పాత కొలతకే,
మీటరున్నర.
నా లెక్కలో అది లేదు.
గరుకుతనం అనే ఒక అంకెలో
తుమ్మకంపతో, విరిగిన మైలురాయితో
కలిసిపోయి ఉంది.

ల్యాప్‌టాప్ తెచ్చి చూపించినాను.
నీలం, పసుపు, ఎరుపు.
"నా బంకేది?"
"ఈ గడిలో, అక్కా."
"గడిలో యాడ?"
నేను మాట్లాడలేదు.
"సరే, పొయ్యి సంగతి చెప్పు.
నీళ్లు పడమటి నించి వచ్చె గదా,
పొయ్యి తూరుపుకి పోవాల.
నాకు దొరికింది పడమట, నాలుగు బారల ఎగువన,
కానగ చెట్టు మొదుట్లో.
పదిహేను కిలోల ఇనుము.
పరిహారం రాసుకునే అబ్బోడు
ఎవురో ఎత్తకపోయి పెట్టింటారు అన్నాడు."

నేనూ నమ్మలేదు.
నా తెర మీద బాణాలన్నీ తూర్పుకే.

ఆ ఒక్కచోట మాత్రం గడిని
అరచేతి వెడల్పుకి తెచ్చినాను.
దాంతో కాలమూ సన్నమైపోయింది.
నలభై యొక్క రోజులు పడుతుందనింది మిషన్.
"ఒక టీ బంకుకి క్లస్టరంతానా?" అన్నాడు సారు.
దీపావళి సెలవుల్లో
ఎవరూ అడగని నాలుగు రాత్రులు దొరికినాయి.
వాటికి వచ్చింది
ఇరవై రెండు సెకన్ల వరద.

పదిహేడో సెకనులో
ఒడ్డు గోడ వెనకాల ఒక సుడి ఒళ్లు విరుచుకుంది.
తూర్పుకి పోయే బాణాలు కొన్ని తడబడి,
ఆగి,
ఒడ్డెంబడి పడమటికి నడిచినాయి.
బంకు మీదికి నీళ్లు
వెనక నించి వచ్చినాయి.

ఇది రుజువు కాదు, తెలుసు.
నా ఏట్లో ఇసక కదలదు, కంప కొట్టుకురాదు.
ఇంకా చిన్న గడి పెడితే ఇంకో మాట చెప్పొచ్చు.
ప్రతి సగటు కిందా తెలియని పదం ఒకటి మిగులుతుంది,
దానికి సూత్రం రాయబోతే
ఇంకో రెండు తలుపు తడతాయి.

అయినా తెల్లారకముందే పోయినాను.
"అక్కా, నీళ్లు ఎనక్కి తిరిగినాయి."
ఆమె గ్లాసులు కడుగుతా ఉంది.
"అది నేను చెప్పిందే గదా.
నీ మిషన్‌కి ఇప్పుడు తెలిసిందా?"

పొయ్యి ఆడనే ఉంది,
వంకరపోయిన కాలి కింద పెంకు ముక్కతో.
పాలు అంచుకి వచ్చినాయి.
మాట్లాడతానే, అటు చూడకనే,
కట్టె ఒకటి బయటికి లాగింది.